చిన్న పట్టణంలో జిమ్ పెట్టాలంటే: షాపు వెతకడం దగ్గర్నుంచి రెన్యూవళ్ల దాకా

జిమ్ పెట్టాలనుకునే ప్రతి ఒక్కరూ మొదట అడిగేది ఒకటే: "మొత్తం ఎంత అవుతుంది?" దానికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఈ జిమ్ నెలనెలా ఎంత తింటుంది? ఆ ఖర్చు రావాలంటే ఎంతమంది రెండోసారి డబ్బు కట్టాలి? మొదటిసారి కట్టేవాళ్లు ఆఫర్ చూసి వస్తారు, కొత్త మెషిన్ల మోజులో వస్తారు. అద్దె కట్టేది, లోన్ తీర్చేది రెండోసారి, మూడోసారి కట్టేవాళ్లే. మూతపడిన జిమ్‌లలో ఎక్కువ భాగం మెషిన్లు బాగాలేక మూతపడలేదు. రెన్యూవళ్ల లెక్క రాసుకోక మూతపడ్డాయి.

ఇక్కడ చెప్పేదంతా 1,500 నుంచి 2,000 చదరపు అడుగుల జిమ్ గురించి. సిద్దిపేట, జగిత్యాల, పాలకొల్లు, తాడేపల్లిగూడెం లాంటి ఊళ్లలో సరిపోయే సైజు ఇది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో అద్దెలూ జీతాలూ మారతాయి, పద్ధతి మారదు. డబ్బు లెక్కలన్నీ ఉదాహరణకు వేసినవే. మీ ఊరి అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

- ఆధార్, పాన్, జిమ్ పేరు మీద కరెంట్ అకౌంట్. ఇంట్లో వాడే ఖాతాలో ఫీజులు వేయించుకోవద్దు.
- మెషిన్లకు పెట్టే డబ్బు కాకుండా, ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన. ఇది లేకపోతే ఆగండి.
- ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా మీరో, మీరు నమ్మే మనిషో అక్కడ ఉండే వీలు. కనీసం మొదటి ఏడాది.
- ఒక నోటు పుస్తకం. సాఫ్ట్‌వేర్ తర్వాత కొనుక్కోవచ్చు.

1. ముందు ఊరిని లెక్కపెట్టండి

మీరు అనుకుంటున్న చోటికి రెండు, మూడు కిలోమీటర్ల లోపు ఉన్న జిమ్‌లన్నీ రాసుకోండి. ఒక్కోదాని ముందు ఒక మామూలు రోజు ఉదయం 6 నుంచి 8 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా నిలబడి ఎంతమంది లోపలికి వెళ్తున్నారో లెక్కపెట్టండి. సోమవారం ఒక్కరోజే చూసి వచ్చేయకండి, ఆ రోజు ఎక్కడైనా నిండుగానే ఉంటుంది. గురువారమో శుక్రవారమో చూడండి. జనవరి మొదటి వారాలు కూడా నమ్మదగ్గవి కావు.

అక్కడ ఫీజు అడగండి, నెలకీ మూడు నెలలకీ ఏడాదికీ విడివిడిగా. ఆడవాళ్లు ఎంతమంది వస్తున్నారో ప్రత్యేకంగా చూడండి. చాలా ఊళ్లలో జిమ్‌లు ఉన్నా ఆడవాళ్లు నమ్మకంగా వెళ్లే జిమ్ ఉండదు. ఆ ఖాళీ మీ ఊళ్లో ఉంటే మీ జిమ్ అక్కడి నుంచే మొదలవ్వాలి.

2. లీజుకు ముందే నెల ఖర్చు లెక్క

1,800 చదరపు అడుగుల షాపు అనుకుందాం.

- అద్దె: 40,000
- కరెంటు: 18,000
- ఇద్దరు ట్రైనర్లు: 36,000
- లేడీ ట్రైనర్, ఒక పూట: 12,000
- క్లీనింగ్: 8,000
- రిపేర్లకు పక్కన పెట్టేది: 6,000
- నీళ్లు, ఇంటర్నెట్, ఫోను, చిల్లర: 5,000
- లోన్ ఈఎంఐ: 30,000

మొత్తం 1,55,000. ఇందులో మీ జీతం లేదు. దాన్ని 30,000 వేసుకుంటే 1,85,000. మీ జీతం ఖర్చులో రాసుకోకపోతే ఆ జిమ్ మీకు లాభమో నష్టమో ఎప్పటికీ తెలియదు.

అన్ని ప్యాకేజీలూ కలిపి ఒక్కో మెంబర్ నుంచి నెలకు సగటున 1,000 వస్తుందనుకుంటే 185 మంది కావాలి. ఏడాదికి చూస్తే 22 లక్షల పైన. సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. అదే పాన్ మీద మీకు ఇంకో వ్యాపారం ఉంటే దాని టర్నోవర్ కూడా ఇందులో కలుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ సేవల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే మెషిన్ల మీద, అద్దె మీద మీరు కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. కాబట్టి మెషిన్ల కొటేషన్లను జీఎస్టీ కలిపిన మొత్తంతోనే పోల్చండి. ఫీజు 1,000 అని పన్నుతో కలిపి చెబితే మీ చేతికి మిగిలేది 952. అప్పుడు కావాల్సింది 185 కాదు, 195 మంది.

ఇప్పుడు ఆ షాపులో 195 మంది పడతారా? బాత్రూములు, రిసెప్షన్, బట్టలు మార్చుకునే గది తీసేస్తే మిగిలేది 1,500 చదరపు అడుగులు. ఒక్కో మనిషికి 40 చదరపు అడుగులన్నా లేకపోతే బార్‌లు ఒకరికొకరికి తగులుతాయి. అంటే ఒకేసారి 37 మంది. రోజు మొత్తంలో వచ్చేవాళ్లలో నాలుగో వంతు రద్దీ గంటలోనే వస్తారనుకుంటే రోజుకు 148 మంది. మెంబర్లలో 60 శాతం ఆ రోజు వస్తారనుకుంటే మొత్తం మెంబర్లు సుమారు 245. ఖర్చు గట్టెక్కడానికి 195, షాపు పట్టేది 245. మధ్యలో ఉన్న ఆ 50 మందే మీ లాభం. అద్దె 40,000 బదులు 60,000 అయితే గట్టెక్కే అంకె 215 దాటుతుంది. మెయిన్ రోడ్డు మీద షాపు కోసం అద్దె పెంచుకునే ముందు ఈ లెక్క రెండుసార్లు వేయండి. జిమ్‌కు రోడ్డు మీద బోర్డు కనబడితే చాలు, షాపు సందులో ఉన్నా జనం వస్తారు. బండి పెట్టుకోవడానికి చోటు లేకపోతే మాత్రం రారు.

3. షాపు చూసేటప్పుడు

స్లాబు గురించి ఓనర్ మాట సరిపోదు. ఇంటి కోసం కట్టిన స్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కతో వేస్తారు. జనం గుమికూడే హాళ్లకు వేసేది 500 కిలోల లెక్క. ఇంటిగా కట్టిన బిల్డింగ్ మొదటి అంతస్తులో డంబెల్ ర్యాకు, ప్లేట్లు, లెగ్ ప్రెస్ ఒకే మూల పెట్టి, పైనుంచి డెడ్‌లిఫ్ట్ బార్ పడేస్తుంటే ఏమవుతుందో ఊహించుకోండి. స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో చూపించి రాతపూర్వకంగా తీసుకోండి. గ్రౌండ్ ఫ్లోర్ దొరికితే సగం తలనొప్పి పోతుంది. పై అంతస్తే గతి అయితే బరువు సామాను దూలాల మీదుగా, గోడల పక్కన పెట్టండి. బార్ కింద పడేసే లిఫ్టులు అక్కడ వద్దు.

సెల్లార్ చవకగా వస్తుంది. తీసుకోకండి. ప్లాన్‌లో పార్కింగ్‌కు చూపించిన సెల్లార్‌లో వ్యాపారం నడిపితే మున్సిపాలిటీ ఎప్పుడైనా మూయించగలదు. పైగా ఒక్క గట్టి వానకు ట్రెడ్‌మిల్ మోటార్లు పోతాయి.

సీలింగ్ ఎత్తు కనీసం 10 అడుగులు చూడండి. ట్రెడ్‌మిల్ మీద ఆరడుగుల మనిషి పరిగెత్తినా, ఫ్యాన్ కింద నిలబడి బార్ పైకెత్తినా తగలకూడదు. పక్కన, పైన ఎవరుంటారో కనుక్కోండి. తెల్లవారుజామున 5 గంటలకు బరువులు పడే చప్పుడు మీద మొదటి ఫిర్యాదు వాళ్లదే.

అగ్రిమెంటులో ఇవి ఉండాలి: కనీసం 5 ఏళ్ల గడువు, అద్దె ఏటా ఎంత శాతం పెరుగుతుందో, మొదటి మూడేళ్లు ఓనర్ ఖాళీ చేయించకూడదన్న షరతు, మీరు వెళ్లాలంటే ఎన్ని నెలల నోటీసు, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి, ఫిటింగ్ పనులు జరిగే నెల రోజులకు అద్దె మినహాయింపు. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి. 11 నెలల అగ్రిమెంట్ రాసుకుని లోపల పదిహేను లక్షలు పెట్టడం ఎంత ప్రమాదమో, ఫ్లోరింగ్, అద్దాలు, వైరింగ్ అన్నీ వేసిన పన్నెండో నెలలో ఓనర్ అద్దె పెంచమన్నప్పుడు తెలుస్తుంది.

4. కరెంటు

ఈ పని షాపు ఓనర్‌తో మాట్లాడేటప్పుడే తేలాలి. మూడు కమర్షియల్ ట్రెడ్‌మిల్‌లు, నాలుగు ఏసీలు, లైట్లు, ఫ్యాన్లు కలిస్తే 15 కిలోవాట్లు దాటుతుంది. సింగిల్ ఫేజ్ చాలదు. త్రీ ఫేజ్ కనెక్షన్, కేటగిరీ 2 కమర్షియల్ మీటరు తీసుకోవాలి. ఇంటి మీటరు మీద జిమ్ నడిపితే తనిఖీలో పాత నెలలకు కూడా కలిపి బిల్లు వేస్తారు. లోడు పెంచడానికి అయ్యే డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ ఎవరు కడతారో అగ్రిమెంటులోనే రాయించండి.

ఒక్కో ట్రెడ్‌మిల్‌కు విడిగా లైను, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్), 16 ఆంపియర్ సాకెట్. ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు. కొత్త ఎర్త్ పిట్ తవ్వించండి. పని అయ్యాక ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ దగ్గర న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ కొలిపించండి. 3 వోల్టులు దాటితే ఎర్తింగ్ మళ్లీ చూడాలి. ట్రెడ్‌మిల్ బోర్డులు కాలిపోవడానికి, మెంబర్లకు చిన్నగా షాక్ కొట్టడానికి ఎక్కువగా ఇదే కారణం, దానికి కంపెనీలు వారంటీ ఇవ్వవు.

5. కాగితాలు

చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. డబ్బు అడిగే సైట్లు వేరేవాళ్లవి. మున్సిపాలిటీ లేదా పంచాయతీ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్ తీసుకోండి. పాటలు పెడతారు కాబట్టి పబ్లిక్ పెర్ఫార్మెన్స్ లైసెన్సు కూడా అవసరం. పాటల యాప్‌కు కట్టే చందా ఇంట్లో వినడానికే. ప్రొటీన్ డబ్బాలు అమ్మితే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ విడిగా కావాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు రెండన్నా పెట్టి, గడువు తేదీ గోడ మీద రాయండి.

లోన్ విషయం. చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్రా లోన్లలో తరుణ్ అనే విభాగం కింద 10 లక్షల దాకా అడగొచ్చు. సబ్సిడీతో లోన్ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో సేవల రంగానికి ప్రాజెక్టు పరిమితి 20 లక్షలు. జనరల్ కేటగిరీకి పట్టణంలో 15, పల్లెలో 25 శాతం సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు తదితరులకు 25, 35 శాతం. చాలామంది ఇక్కడ పొరబడతారు: అది కొత్త యూనిట్లకే. మెషిన్లు కొని జిమ్ తెరిచేశాక అప్లై చేస్తే కుదరదు. సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత లోన్‌లో సర్దుబాటు అవుతుంది. ఈ ఏడాది అప్లికేషన్లు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగాకే ప్లాన్ వేసుకోండి. సబ్సిడీ వస్తుందనుకుని అద్దె అడ్వాన్స్ కట్టేయొద్దు.

6. మెషిన్లు

పైన లెక్క వేసిన 1,500 చదరపు అడుగులకు సరిపోయే మొదటి సెట్టు ఇది.

- కమర్షియల్ ట్రెడ్‌మిల్ 3, ఏసీ మోటారువి
- స్పిన్ బైకు 2, క్రాస్ ట్రైనర్ 1
- స్క్వాట్ ర్యాకు 2, ఫ్లాట్ బెంచ్ 2, అడ్జస్టబుల్ బెంచ్ 3
- 20 కిలోల ఒలింపిక్ బార్‌లు 4, ఈజీ కర్ల్ బార్‌లు 2
- ప్లేట్లు: 20 కిలోలవి 8, 10 కిలోలవి 10, 5 కిలోలవి 10, 2.5 కిలోలవి 10. మొత్తం 335 కిలోలు
- హెక్స్ డంబెల్స్ 2.5 నుంచి 25 కిలోల దాకా, 2.5 కిలోల తేడాతో జతలు. మొత్తం 275 కిలోలు. 5, 7.5, 10 కిలోలవి ఇంకో జత అదనం
- కేబుల్ క్రాసోవర్ 1, లాట్ పుల్‌డౌన్ 1, సీటెడ్ రో 1
- లెగ్ ప్రెస్ 1, లెగ్ ఎక్స్‌టెన్షన్-కర్ల్ కలిపినది 1
- మ్యాట్లు, బ్యాండ్లు, బీపీ మెషిన్, వెయింగ్ మెషిన్, ఫస్ట్ ఎయిడ్ బాక్సు

స్మిత్ మెషిన్, పెక్ డెక్, హ్యాక్ స్క్వాట్ ఆర్నెల్ల తర్వాత కొనుక్కోవచ్చు. డంబెల్స్‌లో మాత్రం పిసినారితనం వద్దు. సాయంత్రం 7 గంటలకు జనం క్యూ కట్టేది డంబెల్స్ దగ్గర, బెంచ్‌ల దగ్గర, కేబుల్ దగ్గర. ఖాళీగా ఉండేది ఖరీదైన సింగిల్ మెషిన్లే. డీలర్ ఇచ్చే "ఫుల్ ప్యాకేజీ"లో ఇవే ఎక్కువ కనిపిస్తాయి, బెంచ్‌లు తక్కువ కనిపిస్తాయి. ప్యాకేజీ కాకుండా మీ లిస్టు ఇచ్చి, ఐటమ్‌వారీ రేటు అడగండి.

ట్రెడ్‌మిల్‌లో ఇంటికి వాడే డీసీ మోటారు మోడల్‌ను "సెమీ కమర్షియల్" అని అమ్ముతారు. రోజుకు ఆరేడు గంటలు నడిస్తే వేడెక్కి ఏడాదిలో చేతులెత్తేస్తుంది. మూడు కొనే డబ్బు లేకపోతే మంచివి రెండు కొనండి.

మెషిన్లు జలంధర్, మీరట్ వైపు నుంచి ఎక్కువగా వస్తాయి. ఫ్రేము పైపు మందం అడగండి, 2 మిల్లీమీటర్లకు తక్కువ వద్దు, ర్యాకులకు 3 ఉంటే నిశ్చింత. కేబుల్ క్రాసోవర్ పుల్లీల్లో బేరింగ్ ఉందో లేదో చేత్తో తిప్పి చూడండి. ప్లేట్లు దిగగానే నాలుగైదు తూకం వేయండి. రెండు 20 కిలోల ప్లేట్ల మధ్య కిలో తేడా వస్తే బార్ ఒక పక్కకు ఒరుగుతుంది, మెంబర్ నడుము పట్టేస్తుంది. అవి తిప్పి పంపేయండి. బార్ కొనేటప్పుడు ప్లేటు రంధ్రం 50 మిల్లీమీటర్లదో, 28 మిల్లీమీటర్లదో చూసి అన్నీ ఒకటే సైజు తీసుకోండి.

సెకండ్ హ్యాండ్: బరువులు, బెంచ్‌లు, ర్యాకులు పాతవి కొన్నా నష్టం లేదు. వెల్డింగ్ దగ్గర పగుళ్లు, తుప్పు చూసుకుంటే చాలు. పాత ట్రెడ్‌మిల్ కొనాలంటే మనిషి ఎక్కి అరగంట నడిపించండి. మోటారు కవర్ వేడెక్కినా, బెల్ట్ ఆగి ఆగి కదిలినా వదిలేయండి.

7. ఫ్లోరింగ్, అమరిక

బరువులు ఎత్తే చోట 15 నుంచి 20 మిల్లీమీటర్ల రబ్బరు టైల్స్, మిగతా చోట 8 మిల్లీమీటర్లు చాలు. మామూలు టైల్స్ మీద పల్చటి షీటు పరిస్తే మొదటి నెలలోనే టైల్స్ పగులుతాయి. ట్రెడ్‌మిల్ వెనక 2 మీటర్లు, పక్కన అర మీటరు ఖాళీ ఉండాలి. వెనక గోడకు ఆనించి పెడితే జారిన మనిషి గోడకూ బెల్టుకూ మధ్య ఇరుక్కుంటాడు. అద్దాలు నేల నుంచి అడుగున్నర పైన మొదలుపెట్టండి, కింద ఉంటే దొర్లిన ప్లేటు తగులుతుంది.

కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో తుప్పు పెద్ద ఖర్చు. వారానికోసారి బార్‌లను నైలాన్ బ్రష్‌తో రుద్ది పల్చగా నూనె పట్టించండి. క్రోమ్ పూత కన్నా రబ్బరు తొడుగు ఉన్న ప్లేట్లు అక్కడ ఎక్కువ కాలం ఉంటాయి.

అమరిక సరిగ్గా కుదిరిందా అని చూడ్డానికి: తెరవక ముందు పదిమంది తెలిసినవాళ్లను పిలిచి ఒకేసారి గంటసేపు చేయించండి. ఎవరు ఎవరిని దాటుకుని వెళ్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో చూసి మెషిన్లు జరపండి. రబ్బరు అతికించక ముందే ఇది చేయాలి.

8. ట్రైనర్లు

కండలు చూసి తీసుకోవద్దు. ఏసీఈ, ఏసీఎస్‌ఎం, ఎన్‌ఏఎస్‌ఎం లాంటి సర్టిఫికెట్లు గానీ, స్కిల్ కౌన్సిల్ వారి ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు గానీ ఉంటే మంచిది. అది ఉన్నా ఒక పరీక్ష పెట్టండి: ఎప్పుడూ జిమ్‌కు రాని 45 ఏళ్ల మనిషిని అప్పజెప్పి మొదటి రోజు ఏం చేయిస్తాడో చూడండి. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు అడగకుండా బార్ చేతికిస్తే వద్దు.

ప్రతి ట్రైనర్‌కూ సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, శ్వాస ఇవ్వడం) రావాలి: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు నొక్కడం, 30 నొక్కులకు 2 శ్వాసలు. చదివి కాదు, బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. 108 నంబరు, దగ్గరి హాస్పిటల్ పేరు గోడ మీద పెద్దగా రాయండి.

పర్సనల్ ట్రైనింగ్ డబ్బులో ట్రైనర్ వాటా ఎంతో, సగం సగమో 60-40నో, చేరిన రోజే కాగితం మీద పెట్టండి. డబ్బు మాత్రం జిమ్ ఖాతాలోనే పడాలి. ట్రైనర్ ఫోన్‌పేలోకి ఒకసారి అలవాటైతే, అతను వెళ్లిపోయిన రోజు పదిమంది మెంబర్లు కూడా వెళ్లిపోతారు. పనిచేసేవాళ్లు 10 మంది అయితే ఉద్యోగుల ఆరోగ్య బీమా, అంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది.

ఒక్క విషయంలో మొహమాటం వద్దు. ట్రైనర్ గానీ, మెంబర్ గానీ స్టెరాయిడ్లు, ఇంజెక్షన్లు అమ్మినా, జిమ్ లోపల ఎక్కించినా, ఎక్కించుకున్నా అదే రోజు పంపేయండి. గుండె మీద పనిచేసే మెఫెంటర్‌మైన్ ఇంజెక్షన్లు జిమ్‌లకు చేరుతున్నాయని తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకున్న సందర్భాలున్నాయి. అది ఆపరేషన్ థియేటర్‌లో బీపీ పడిపోతే ఇచ్చే మందు. ఇరవై ఏళ్ల కుర్రాడు దాన్ని వ్యాయామానికి ముందు ఎక్కించుకుంటే ప్రాణం పోవచ్చు. ఆ కుర్రాడు మీ కప్పు కింద ఉంటాడు, అతన్ని మీకు నమ్మి పంపింది వాళ్ల అమ్మానాన్నలు.

9. ఫీజులు

ఉదాహరణకు: నెలకు 1,500, మూడు నెలలకు 3,600, ఆరు నెలలకు 6,000, ఏడాదికి 9,600. ఏడాది ప్యాకేజీలో నెల వాటా, నెలవారీ ఫీజులో సగానికి తగ్గకుండా చూసుకోండి.

ప్రారంభోత్సవం రోజు "ఏడాదికి 4,999 మాత్రమే" బోర్డు పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. వందమంది కడితే ఒక్కరోజులో 5 లక్షలు. కానీ ఆ వందమంది నెలకు ఇచ్చేది ఒక్కొక్కరు 416 రూపాయలు, మీకు కావాల్సింది 1,000. ఏడాదంతా వాళ్లు చోటు ఆక్రమిస్తారు, కొత్తవాళ్లు రద్దీ చూసి వెనక్కి పోతారు, ఆ 5 లక్షలేమో అప్పటికే పెయింటింగ్‌కూ ఫ్లెక్సీలకూ అయిపోయి ఉంటాయి. ఏడో నెలకు అద్దె కట్టడానికి డబ్బుండదు. మళ్లీ ఇంకో ఆఫర్ పెడతారు, ఈసారి 3,999. ఇక ఆ ఊబిలోంచి బయటపడటం కష్టం.

కాబట్టి ముందుగా కట్టించుకున్న ఫీజు మీది కాదు, నెలనెలా మీదవుతుంది. 9,600 వస్తే అందులో 800 మాత్రమే ఈ నెల ఆదాయం. మిగతా 8,800 వేరే ఖాతాలో వేసి నెలకు 800 చొప్పున తీసుకోండి. ఈ ఒక్క అలవాటు ఉన్న జిమ్ డబ్బు లేక అంత త్వరగా మూతపడదు.

కొత్తవాళ్లకు మూడు నెలల ప్యాకేజీనే ముందు చెప్పండి. మూడు నెలలకోసారి వాళ్లు ఉండాలా పోవాలా అని తేల్చుకుంటారు, మీ పని ఎలా ఉందో మీకూ తెలుస్తుంది.

ఫ్రీజ్ నియమం, అంటే రాని రోజులను గడువుకు కలిపే పద్ధతి, ముందే రాసి రసీదు వెనక ముద్రించండి. అయ్యప్ప దీక్ష తీసుకున్నవాళ్లు మండలం రోజులు, అంటే 41 రోజులు రాకపోవచ్చు. ఏడాది మెంబర్‌కు 45 రోజులు, మూడు నెలల మెంబర్‌కు 10 రోజులు ఇవ్వొచ్చు. ముందుగా చెబితేనే, వెనకటి తేదీలకు లేదు. రంజాన్ నెలలో సాయంత్రం ఖాళీగా ఉంటుంది, రాత్రి ఒక గంట ఎక్కువ తెరిచి ఉంచితే ఆ మెంబర్లు ఎక్కడికీ పోరు.

10. చేరిన మొదటి నెల

జిమ్ బతికేది ఇక్కడే, అయినా చాలామంది రసీదు చింపి ఇచ్చి వదిలేస్తారు.

చేరిన రోజు వ్యాయామానికి ముందు ఆరోగ్యం గురించి అడిగే ఏడు ప్రశ్నల పార్-క్యూ ఫారం తెలుగులో నింపించండి. గుండె జబ్బు, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, కీళ్ల సమస్య, మందులు వాడటం లాంటివి అందులో ఉంటాయి. ఏ ఒక్కదానికైనా అవునంటే డాక్టర్ చీటీ తెచ్చాకే మొదలు. చీటీ తెమ్మంటే పారిపోతారని భయపడకండి, అడిగినందుకు గౌరవిస్తారు.

మొదటి వారం బరువులు తక్కువ, సెట్లు తక్కువ. మొదటి రోజే వంద స్క్వాట్లు చేయిస్తే మూడో రోజు మెట్లు దిగలేరు, నాలుగో రోజు రారు. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తోందని ఎవరైనా చెబితే అది ఒళ్లు నొప్పి కాదు, వెంటనే హాస్పిటల్‌కు పంపండి.

వరుసగా ఐదు రోజులు రానివాళ్ల పేర్లు ప్రతి సోమవారం రాసుకుని ఫోన్ చేయండి. మెసేజ్ చాలదు. "డబ్బులు పోతాయి" అనకండి. "ఏమండీ, ఒంట్లో బాగుందా, ఏ టైమ్ కుదురుతుంది?" అని అడగండి. సగం మందికి టైమ్ సమస్యే ఉంటుంది.

ఆడవాళ్ల విషయంలో: నంబర్లన్నీ ఒకే వాట్సాప్ గ్రూపులో వేయొద్దు, బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. లేడీ ట్రైనర్ ఏ గంటల్లో ఉంటుందో బోర్డు మీద రాసి, ఆ గంటలు తప్పనివ్వొద్దు. బట్టలు మార్చుకునే గదిలో కెమెరా ఉండదని, గడియ లోపల ఉందని మొదటి రోజే చూపించండి. ఫోటోలు, ముందు-తర్వాత చిత్రాలు సంతకం లేకుండా ఎక్కడా పెట్టొద్దు.

11. నెలాఖరున చూసుకోవాల్సిన అంకెలు

- ఈ నెల గడువు ముగిసినవాళ్లు ఎంతమంది, వాళ్లలో 15 రోజుల్లో మళ్లీ కట్టినవాళ్లు ఎంతమంది. 50 మందిలో 22 మంది కడితే 44 శాతం. సగం కూడా రాకపోతే ప్రకటనలకు పెట్టే డబ్బు ఆపి, కట్టనివాళ్లలో పదిమందికి ఫోన్ చేసి కారణం రాయండి.
- అడగడానికి వచ్చినవాళ్లు ఎంతమంది, చేరినవాళ్లు ఎంతమంది. వచ్చి చేరకపోతే ధర కన్నా ముందు బాత్రూము, చెమట వాసన చూడండి.
- గంటవారీ హాజరు.
- బ్యాంకులో ఉన్న డబ్బులో ఇంకా మీది కానిది ఎంత.

మెషిన్ల తనిఖీ కూడా ఆ రోజే పెట్టుకోండి. కేబుల్ పూత చిట్లి తీగ కనిపిస్తే ఆ మెషిన్ ఆపేయాలి, "రేపు మారుద్దాం" కుదరదు. ట్రెడ్‌మిల్ బెల్ట్ కింద కంపెనీ చెప్పిన గంటలకోసారి సిలికాన్ ఆయిల్ వేయాలి. కొబ్బరినూనె, గ్రీజు వేస్తే బెల్ట్ పాడవుతుంది.

12. పెంచడం

రద్దీ గంటలు నిండాక వెంటనే రెండో బ్రాంచి గురించి ఆలోచిస్తారు. ముందు ఖాళీ గంటలు నింపండి. ఉదయం 10 నుంచి 12 దాకా, మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా అద్దె, కరెంటు నడుస్తూనే ఉంటాయి. ఇల్లాళ్లకు బ్యాచ్, 55 దాటినవాళ్లకు తేలికపాటి బ్యాచ్ పెట్టండి. పోలీసు నోటిఫికేషన్ వచ్చినప్పుడు 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ కోసం తయారయ్యేవాళ్లకు పొద్దున గ్రౌండ్‌లో, మధ్యాహ్నం జిమ్‌లో బ్యాచ్ నడపొచ్చు. జుంబా పేరుతో క్లాసు పెట్టాలంటే ఆ లైసెన్సు ఉన్న ఇన్‌స్ట్రక్టర్ కావాలి, లేకపోతే డాన్స్ ఫిట్‌నెస్ అని పెట్టుకోండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముహూర్తాలకు రెండు నెలల ముందు పెళ్లిళ్లవాళ్లు వస్తారు. వాళ్లకు పర్సనల్ ట్రైనింగ్ ప్యాకేజీ బాగా వెళ్తుంది.

రెండో బ్రాంచికి మూడు షరతులు పెట్టుకోండి. రద్దీ గంట వరుసగా మూడు నెలలు నిండి ఉండాలి. మొదటి లోన్ సగమన్నా తీరి ఉండాలి. మీరు వారం రోజులు ఊళ్లో లేకుండా ఫోన్ చేయకుండా ఉండి, తిరిగొచ్చి హాజరు పుస్తకం, రసీదులు, బ్యాంకు ఖాతా మూడూ సరిచూస్తే అంకెలు కలవాలి. కలవకపోతే మొదటి బ్రాంచిలో మేనేజర్‌ను తయారుచేసుకునే పనే ఇంకా మిగిలి ఉంది. అది అయ్యాకే కొత్త షాపు చూడండి, మళ్లీ స్లాబు దగ్గర్నుంచి.